అమ్మ మాట మరచి వచ్చిన విద్యార్థిని

2024 జూలైలో జపాను ప్రభుత్వం కొత్త 5000 యెన్‌ల నోటు విడుదల చేసింది. దాని మీద ఉన్న స్త్రీ త్సుదా ఉమెకో. చదువు కొరకు విదేశానికి పంపబడిన మొట్టమొదటి జపాను ఆడపిల్లల్లో ఆమె అందరికంటె చిన్నది. 1871 డిసెంబరు 23న యోకొహామా రేవులో ఓడ ఎక్కేనాటికి ఆ పసిదానికి ఏడేళ్ళు ఇంకా నిండలేదు.

ప్రియ పాఠకులారా, ఇంత చిన్న పిల్లను ఎందుకు పంపారని మీకు అనిపించవచ్చు. జపాను ఉత్తర దీవి హొక్కైదో అభివృద్ధి పనులు చూస్తున్న కురోదా అనే అధికారి అమెరికా వెళ్ళి అక్కడి స్త్రీల చదువును చూసి వచ్చాడు. తల్లులు చదువుకోనిదే దేశం బాగుపడదని పట్టుబట్టాడు. ఐదుగురు బాలికలను పదేళ్ళపాటు ప్రభుత్వ ఖర్చుతో అమెరికాలో ఉంచి చదివించాలని నిర్ణయమైంది. మొదట ఎవరూ తమ బిడ్డలను ఇవ్వడానికి ముందుకు రాలేదు. చివరకు ఇచ్చినవి 1868 నాటి అంతర్యుద్ధంలో ఓడిన పక్షపు కుటుంబాలు.

వారిలో పదకొండేళ్ళ యమకావా సకికో తల్లి, కూతురు బయలుదేరేముందు ఆమె పేరు మార్చి సుతెమత్సు అని పెట్టింది. ‘సుతె’ అంటే విడిచిపెట్టడం. ‘మత్సు’ అంటే పైన్ చెట్టు. ఎదురుచూడడం అనే అర్థమూ వస్తుంది. నిన్ను విడిచిపెడుతున్నాను గాని నీ కొరకు కనిపెట్టుకొని ఉంటానని ఆ తల్లి ఒక్క పేరులో చెప్పింది. హన్నా తన సమూయేలును మందిరములో వదిలినా, ఏడాదికొకసారి అంగీ కుట్టుకొని వెళ్ళి కళ్ళారా చూసుకొనేది. ఈ తల్లులకు ఆపాటి భాగ్యము కూడా లేదు.

పెద్దపిల్లలిద్దరు ఆరోగ్యం సరిపడక మరుసటి సంవత్సరమే తిరిగి వచ్చేశారు. ఉమెకోను వాషింగ్టన్ ప్రక్కన జార్జిటౌన్‌లో పిల్లలు లేని చార్లెస్ లాన్మన్, ఆడెలైన్ దంపతులు చేరదీశారు. కన్నబిడ్డలాగే పెంచారు. 1873లో, ఎనిమిదేళ్ళ వయసులో, ఆ చిన్నది తానే కోరుకొని బాప్తిస్మము పొందింది. బడికి వెళ్ళింది, పియానో నేర్చింది, పుస్తకాలు విపరీతంగా చదివింది. పదేళ్ళు అలా గడచిపోయాయి.

1882 నవంబరులో సుతెమత్సుతో కలిసి తిరిగి స్వదేశములో అడుగుపెట్టింది. అప్పటికి సుతెమత్సు వాసర్ కళాశాలలో పట్టా పుచ్చుకుంది. జపాను స్త్రీలలో అది మొదటి కళాశాల పట్టా. ఉమెకోకు పదిహేడేళ్ళు. ఇంటి వాకిట్లో తల్లి నిలబడి ఉంది. ఆ తల్లితో మాట్లాడడానికి కూతురి దగ్గర భాష లేదు. జపాను మాట పూర్తిగా మరచిపోయింది. తండ్రి త్సుదా సెన్‌కు ఇంగ్లీషు వచ్చును గనుక ఆయనతో ఫరవాలేదు. తల్లితో మాత్రం ఎవరో ఒకరు మధ్యన ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పవలసిందే. ఐగుప్తులో యోసేపు కూడ తన అన్నలతో ద్విభాషిని పెట్టుకొని మాట్లాడాడు. అయితే అన్నల మాట అతనికి తెలుస్తూనే ఉంది. అందుకే పక్కకు వెళ్ళి ఏడ్చాడు. ఈ అమ్మాయికి అది కూడా లేదు. వేసవి సెలవులకు అమెరికా నుండి వచ్చిన మనవడు ఏమన్నాడో తెలియక కోడలి ముఖం చూసే నాయనమ్మలను నేను సంఘ దర్శనాలలో చూశాను. ఆ చూపు నాకు బాగా తెలుసు.

చాప మీద కూర్చోవడం, వంగి నమస్కరించడం, కిమోనో కట్టుకోవడం అన్నీ మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. అంతకంటె పెద్ద దెబ్బ వేరే ఉంది. వారిని పంపిన ప్రభుత్వ శాఖ అప్పటికే రద్దయిపోయింది. విదేశాల్లో చదివి వచ్చిన యువకులకు ఉద్యోగాలు సిద్ధంగా ఉన్నాయి. ఈ ఆడపిల్లలను ఏమి చేయాలో ఎవరూ ఆలోచించి పెట్టలేదు. పంపడానికి అంత శ్రద్ధ చూపినవారు, తిరిగి వచ్చే రోజు గురించి ఒక్కమాటైనా అనుకోకపోవడం నాకు క్షమించరానిదిగానే కనబడుతుంది. స్నేహితురాళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. సుతెమత్సు యుద్ధమంత్రి ఒయామాను చేసుకుంది. ఉమెకో పెళ్ళి వద్దనుకొని, కొంతకాలం ఇతో హిరోబుమి ఇంట్లో ఇంగ్లీషు చెప్పి, 1885లో ప్రభువంశాల బాలికల పాఠశాలలో ఉపాధ్యాయురాలైంది.

మనసు తృప్తిపడలేదు. 1889లో సెలవు తీసుకొని మళ్ళీ అమెరికా వెళ్ళింది. ఈసారి ఎవరూ పంపలేదు, తానే వెళ్ళింది. ఫిలడెల్ఫియా సమీపాన బ్రిన్ మార్ కళాశాలలో జీవశాస్త్రం చదివింది. కప్ప గుడ్డు మీద థామస్ హంట్ మోర్గన్‌తో కలిసి ఆమె చేసిన పరిశోధన 1894లో అచ్చయింది. ఆ మోర్గన్‌కే 1933లో నోబెల్ బహుమానం వచ్చింది. అక్కడే ఉండిపొమ్మని కళాశాలవారు అడిగారు. ఉండలేదు, 1892లో తిరిగి వచ్చింది.

వచ్చేముందు మాత్రం ఒక పని చేసింది. ఫిలడెల్ఫియా స్త్రీల సహాయంతో ఊరూరా మాట్లాడి 8000 డాలర్ల నిధి పోగుచేసింది. దాని వడ్డీతో ఒక్కొక్క జపాను యువతి అమెరికాలో చదివి, తిరిగి వచ్చి తనవారికి చదువు చెప్పాలి. పసిపిల్లలు కాదు, తల్లిభాష గట్టిగా వచ్చిన ఎదిగిన ఆడపిల్లలు. తనకు జరిగినది మరొకరికి జరగకూడదనుకున్నదని నేననుకుంటాను. ఆ నిధితో వెళ్ళిన కవాయి మిచి తరువాత కెయిసెన్ బాలికల పాఠశాల స్థాపించింది. హొషినో ఐ, ఉమెకో తరువాత ఆమె బడికే అధిపతి అయింది. ఆ బడిని ఉమెకో 1900లో టోక్యోలో ఒక అద్దె ఇంట్లో పదిమంది విద్యార్థినులతో మొదలుపెట్టింది. నేడది త్సుదా విశ్వవిద్యాలయము.

ఉమెకో 1929లో కన్నుమూసింది. 1984లో ఆ విద్యాలయ భవనం అటక మీద పాత ఉత్తరాల కట్టలు దొరికాయి. ఏళ్ళ తరబడి ఆమె ఆడెలైన్ లాన్మన్‌కు రాసినవి. ఇంటి కబుర్లు, బడిలో చికాకులు, ఒంటరితనం, తల్లితో చెప్పుకోలేని మాటలు. అన్నీ ఇంగ్లీషులోనే.