నొక్కి చూసే స్కాన్

ఊళ్లలో ఒక జబ్బును ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అంటారు. బొడ్డు చుట్టూ మొదలవుతుంది. అన్నం సయించదు, వాంతి వచ్చినట్టుంటుంది. కొన్ని గంటలకు నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి అక్కడే తిష్ఠ వేస్తుంది. బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ 1886లో ఈ జబ్బుకు అపెండిసైటిస్ అని పేరు పెట్టి, పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే అపెండిక్స్ వాస్తే దాన్ని త్వరగా తీసేయాలని చెప్పారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు సర్జన్లకు చేతి స్పర్శ, రక్తపరీక్ష, అనుభవమే ఆధారం. ఆలస్యమైతే అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకుతుందన్న భయంతో, గట్టి అనుమానం వస్తే కోసేవారు. అలా కోయించుకున్న ప్రతి అయిదారుగురిలో ఒకరికి అపెండిక్స్ బాగానే ఉండేది. సర్జన్లు దాన్ని తప్పుగా ఎంచలేదు.

అల్ట్రాసౌండ్ అప్పటికే ఉంది. కానీ పేగుల్లోని గాలిని దాటి శబ్ద తరంగాలు లోపలికి పోలేవు. అపెండిక్స్ ఆ గాలి వెనకే దాక్కునేది.

దారి చూపింది నెదర్లాండ్స్ రేడియాలజిస్టు జూలియన్ పైలార్ట్. 1986లో ఆయన ప్రచురించిన పద్ధతి వినడానికి చాలా సులువు: స్కాన్ చేసేటప్పుడు పొట్టమీద ఆనించే ప్రోబ్‌తో పొట్టను మెల్లమెల్లగా, కొంచెం కొంచెంగా నొక్కుతూ పోవడం. అప్పుడు పేగులు పక్కకు జరుగుతాయి, గాలి తప్పుకుంటుంది, ప్రోబ్ అపెండిక్స్‌కు దగ్గరవుతుంది. మామూలు పేగు ఒత్తిడికి అణిగిపోతుంది. వాచిన అపెండిక్స్ మాత్రం గాలి బిగించిన సైకిల్ ట్యూబులా అణగకుండా నిలబడుతుంది. ఆయన 60 మందికి ఇలా స్కాన్ చేశారు. ఆపరేషన్‌లో అపెండిసైటిస్ అని తేలిన 28 మందిలో 25 మందికి అది ముందే తెరమీద కనిపించింది. ఖరీదైన కొత్త యంత్రం లేకుండా, చెయ్యి వాడే తీరు మార్చి సాధించిన ఫలితమిది!

డాక్టరు తెరమీద వెతికేది ఒక కొస మూసుకుపోయి, కదలిక లేని గొట్టాన్ని. దాని మందం 6 మిల్లీమీటర్లు దాటిందా, లోపల రాయిలాంటిది అడ్డుపడిందా, చుట్టూ కొవ్వు వాచి తెల్లగా మెరుస్తోందా అని చూస్తారు. ఎక్స్‌రే కిరణాల బెడద లేదు కాబట్టి పిల్లలకు, గర్భిణులకు ముందుగా ఈ పరీక్షే చేస్తారు.

అయితే స్కాన్ చేసే మనిషి నేర్పును బట్టే ఫలితం ఉంటుంది. ఒళ్లున్నవారిలో, అపెండిక్స్ పెద్దపేగు వెనక్కి మళ్లినవారిలో అది దొరక్కపోవచ్చు. పగిలిపోయాక బిగువు తగ్గి కనిపించకుండా పోవడమూ ఉంది. అందుకే రిపోర్టులో ‘అపెండిక్స్ కనిపించలేదు’ అని ఉంటే జబ్బు లేదని అర్థం కాదు. అలాంటప్పుడు డాక్టర్లు కొన్ని గంటలు ఆగి మళ్లీ పరీక్షిస్తారు, లేదా సీటీ స్కాన్, గర్భిణులకైతే ఎంఆర్‌ఐ చేయిస్తారు. ఆ రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకుని ఇంటికి వెళ్లిపోకండి. నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే మళ్లీ సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఈలోగా విరేచనాల మందు మాత్రం పట్టించకండి.