మరుత్తు, మారుతి

తాత పేరు మనుమనికి పెట్టుకొనుట మనకు వాడుక. యంత్రములలోను ఈ ఆచారము కలదని విమానముల పేర్లను, మోటారు కార్ల పేర్లను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు తెలియును.

ఇంగ్లండులో 1936లో తొలిసారి ఎగిరిన యుద్ధవిమానము స్పిట్‌ఫైర్. నిప్పులు గ్రక్కునది అని ఆ మాటకు అర్థము. ముక్కుమీద కోపము గలవారిని ఆంగ్లేయులు అట్లు పిలుచుట కద్దు. 1962లో ట్రయంఫ్ కంపెనీవారు తమ చిన్న కారుకు అదే పేరు పెట్టుకొన్నారు. విమానపు కీర్తి కారుకు అరువు వచ్చినది.

అమెరికాలోని మస్టాంగ్ కథ ఇంకను వింతయైనది. 1940లో ఎగిరిన విమానమది. 1964లో ఫోర్డువారి కారయినది. ఆ పేరును సూచించిన జాన్ నజ్జార్‌కు విమానమే ఇష్టము. అయినను కారు ముందుభాగమున నిలిచినది పరుగెత్తు గుర్రము. మస్టాంగ్ అనగా మైదానములలో తిరుగు అడవిగుర్రము. మూలమైన స్పానిష్ పదమునకు యజమాని లేని పశువని అర్థము. యజమాని లేని ఆ మాటకు జర్మనీలో మాత్రము ఒక యజమాని ఉండెను! క్రుప్ కంపెనీవారు దానిని తమ లారీలకు ముందే దక్కించుకొన్నందున, ఫోర్డువారు అచ్చట చాలకాలము తమ కారును 'టి-5' అని అమ్ముకొనవలసి వచ్చినది.

మన దేశమున జరిగినది అరువు కాదు, వ్యాకరణము. కుర్ట్ టాంక్ అను జర్మను శిల్పి రూపకల్పనలో బెంగుళూరున తయారై 1961 జూన్ 17న ఎగిరిన యుద్ధవిమానము పేరు మరుత్. అనగా గాలి. తగిన ఇంజను లభింపక, ధ్వనికి రెట్టింపు వేగమను ఆశయము నెరవేరలేదు. 1971 యుద్ధమున పడమటి సరిహద్దున పోరాడినది. 147 మాత్రమే తయారై, 1990లో సెలవు తీసుకొన్నది.

1983 డిసెంబరులో వచ్చిన కారు మారుతి. దశరథుని కొడుకు దాశరథి, సుమిత్ర కొడుకు సౌమిత్రి అయినట్లే, మారుతుని కొడుకు మారుతి. మరుత్తుకే మారుతమని మరియొక రూపము. పేర్లు పెట్టినవారు తలచినను తలపకున్నను, వ్యాకరణము ఈ రెంటికిని తండ్రీకొడుకుల వరుస కలిపినది. తండ్రికి దొరకని ఇంజను కొడుకుకు జపాను నుండి వచ్చినది. ఫలితముగా మారుతి ఊరూరా తిరిగినది. మరుత్తును ఎరిగినవారు అరుదు.

బెంగుళూరులోని హెచ్.ఏ.ఎల్. ప్రదర్శనశాలలో ఒక మరుత్ విమానము నిలిపి ఉన్నది. విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు దాని పేరు చదివించి, మారుతి శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పుమని అడుగవచ్చును.