నంద్యాల సున్నపురాయి: ల్యాబ్ రిపోర్టు ఒకటే, మిల్లులో మాత్రం తేడా

ఓపెన్ కాస్ట్ గని అంటే చాలామంది ఏమనుకుంటారు? పేల్చడం, తవ్వడం, టిప్పర్‌కి ఎత్తడం, అంతే అని. కానీ ఈ నెల ఏ బెంచీ తవ్వాలి, ఏ రాయి పక్కన పారబోయాలి అనేది ముందే ప్లాన్‌లో ఉంటుంది. ఆ ప్లాన్ దేన్ని చూసి వేస్తారో ఈరోజు చెప్తాను.

మన నేల కింద పొరలకి మన ఊళ్ల పేర్లే ఉన్నాయి తెలుసా? బనగానపల్లె క్వార్ట్‌జైట్, ఔకు షేల్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. వీటితోపాటే నార్జి సున్నపురాయి. కొలిమిగుండ్లలో రామ్‌కో, బిలకలగూడూరులో జేఎస్‌డబ్ల్యూ సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చింది ఇక్కడ సున్నపురాయి ఉందనే.

ప్లాన్ ఇలా మొదలవుతుంది. బోర్లు వేసి శాంపిల్స్ తీస్తారు. గని మొత్తాన్ని కంప్యూటర్లో చిన్న చిన్న బ్లాకులుగా కోసి, ఒక్కో బ్లాకులో సున్నం ఎంత, సిలికా ఎంత, మెగ్నీషియా ఎంత అని రాసుకుంటారు. శాతం బాగుంటే ఫ్యాక్టరీకి, లేకపోతే డంపుకి.

చిక్కంతా ఇక్కడే. రెండు బ్లాకుల్లోనూ సిలికా సరిగ్గా 12 శాతమే అనుకోండి. ఒకదాంట్లో ఆ సిలికా మెత్తటి బంకమట్టిలో ఉంది. ఇంకోదాంట్లో గట్టి క్వార్ట్జ్ పలుకులుగా ఉంది. కాగితం మీద ఇద్దరూ కవలలు. కానీ గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద సున్నపురాయిలోని కాల్సైట్ 3, క్వార్ట్జ్ 7. రెండో బ్లాకు మిల్లుకెళ్తే కరెంటు ఎక్కువ తాగుతుంది. పలుకులు ముతకగా మిగిలితే, సుమారు 1450 డిగ్రీల కొలిమిలో కూడా సున్నంతో సరిగ్గా కలవవు. అప్పుడు ఇంకా బొగ్గు కాల్చాలి.

ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టేముందు రాతిని తట్టి, మోత వింటారు. రాయి పనిలో ఎలా నడుచుకుంటుందో వాళ్లకి ముందే కావాలి. గని ప్లాన్‌కి కావాల్సిందీ అదే సమాచారం.

ఇంకో తిరకాసు. సున్నం శాతాన్ని సగటు కట్టొచ్చు. గట్టిదనాన్ని అలా కట్టలేం. మెత్తరాయి, గట్టిరాయి కలిపి మిల్లులో వేస్తే మెత్తది ముందే పిండైపోతుంది, గట్టిది లోపలే తిరుగుతుంటుంది. అందుకే రెండింటినీ ఏ వరసలో, ఎంతెంత పాళ్లలో పంపాలో ప్లాన్‌లోనే తేల్చుకోవాలి.

శాతం ఒక్కటే చూస్తే ఇంకో నష్టం కూడా ఉంది. గ్రేడు కాస్త తక్కువైనా సులువుగా నలిగే రాయి డంపుకి పోతుంది. దాన్ని మంచి రాయితో కలిపి వాడుకోవచ్చు. పారబోస్తే ఆ లోటుకి గని ఇంకా పక్కకి జరగాలి. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఆ పక్కన ఉండేది చాలాచోట్ల శనగ పండే నల్లరేగడి. నా దృష్టిలో అసలు ఖర్చు ఇదే.

మరి ప్రతి బ్లాకుకీ నలిగే పరీక్ష చేయొచ్చు కదా? ఫ్రెడ్ బాండ్ 1952లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుతున్నారు. టన్ను రాయి నలగడానికి ఎన్ని యూనిట్ల కరెంటు కావాలో చెప్తుంది. కానీ ఒక్కో పరీక్షకి కిలోల కొద్దీ రాయి, చాలా టైం కావాలి. అందుకని కొన్ని శాంపిల్స్‌కే ఇది చేసి, మిగతాచోట పేలుడు రంధ్రాలు వేసేటప్పుడు డ్రిల్లు ఎంత వేగంగా దిగుతుందో చూస్తారు. ఆ వేగాన్ని పరీక్ష చేసిన రాళ్లతో సరిచూసుకుంటే, తవ్వకముందే మిగతా బ్లాకుల గట్టిదనం ఒక అంచనాకి వస్తుంది.