వినేదొకటి, అనేదొకటి: ఇంగ్లీషులో పొరబడే మాటలు



హాస్టల్‌లో ఎవరైనా లేచి ఇంగ్లీషులో ఒక వాక్యం మాట్లాడితే మొదట వినిపించేది నవ్వు. ఒక్క మాట తప్పుపోతే చాలు, ఏడాదంతా అదే వాడి పేరైపోతుంది. ఇక వాడు నోరు విప్పడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్లలో చదివి, ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకొని పీజీ దాకా వచ్చిన మేము గమనించింది ఇదే: తప్పు మాట్లాడినవాడు ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకుంటాడు, భయపడి మాట్లాడనివాడు అక్కడే ఉండిపోతాడు. ఈ తప్పుల్లో చాలావాటికి కారణాలున్నాయి. కారణం తెలిస్తే భయం పోతుంది.

చెవి చేసే పొరపాటు

మన చెవి తెలుగు ధ్వనులకు అలవాటుపడింది. తెలుగులో లేని ధ్వని వినబడితే దానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ధరను తెలిపే ఇంగ్లీషు మాటలో 'ఓ' అక్షరం ఉంటుంది. దాన్ని మన 'ఆ'కు, 'ఓ'కు నడుమ, పెదవులు కాస్త గుండ్రంగా చేసి పొట్టిగా పలకాలి. మనకు ఆ ధ్వని లేదు కనుక డాక్టర్, కాఫీ, కాలేజీ అన్నట్టే దాన్నీ 'కాస్ట్' అంటాం. కులాన్ని తెలిపే మాట కూడా 'కాస్టే'. అందులో మాత్రం నిజంగానే 'ఆ' దీర్ఘం ఉంది. పుస్తకాల షాపులో అడిగే 'కాస్ట్'కూ, దరఖాస్తు నింపేటప్పుడు క్లర్కు అడిగే 'కాస్ట్'కూ తేడా ఎందుకు తెలియాలో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా!

'స్', 'జ్'ల సంగతి ఇంకో రకం. ప్రైస్ అంటే ధర, ప్రైజ్ అంటే బహుమతి. అడ్వైస్ అంటే సలహా, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం. లూస్ అంటే వదులు, లూజ్ అంటే పోగొట్టుకోవడం. మనమేమో 'చొక్కా లూజయింది' అంటాం. ఇంగ్లీషువాడు వింటే చొక్కా పోయిందనుకుంటాడు! గొంతు మీద వేలు పెట్టి పలికి చూడండి. 'స్' అన్నప్పుడు గొంతు అదరదు. 'జ్' అన్నప్పుడు తేనెటీగ మోగినట్టు అదురుతుంది.

కొన్ని మాటలు మనకు తెలిసే ఉంటాయి, వేషం మారేసరికి గుర్తుపట్టం. సిరిసిల్లలో సాంచల మీద బతికే ఇళ్ల పిల్లలకు 'వార్పిన్' చిన్నప్పటి నుంచి తెలుసు. అదే పుస్తకంలో 'వార్పింగ్' అని కనబడితే కొత్త పాఠమనుకుంటారు. పడుగు దారాలను వరుసగా బీముకు చుట్టే పని అది. మీ నాన్న నోట రోజూ వినే మాటే!

కన్ను చేసే పొరపాటు

తెలుగులో రాసిందంతా పలుకుతాం. ఇంగ్లీషులో అలా కుదరదు. అప్పును తెలిపే మాట స్పెల్లింగులో 'బి' ఉంది కానీ 'డెట్' అనే పలకాలి. పూర్వం ఆ మాటలో 'బి' లేదు. లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికి పండితులు తర్వాత చేర్చారు. రశీదును తెలిపే 'రిసీట్'లో 'పి' కూడా అలా వచ్చిందే. కాబట్టి స్పెల్లింగ్ చూసి తప్పు చదివితే సిగ్గుపడే పని లేదు.

తెలుగు వాక్యానికి ఇంగ్లీషు చొక్కా

'దాని గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్డ్ అబౌట్' అంటాం. 'డిస్కస్డ్' అంటే చాలు, 'గురించి' అందులోనే ఉంది. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనే తప్పుకు మాత్రం తెలుగే మందు. 'నా స్నేహితుల్లో ఒకరు' అంటాం కదా, 'స్నేహితుడిలో ఒకరు' అనం కదా! అలాగే 'ఫ్రెండ్స్' అనాలి. 'డిగ్రీ పాసవుట్ అయ్యాను' అని మన దేశంలో అంటే అర్థమవుతుంది. బయటి దేశాల్లో ఆ మాటకు స్పృహతప్పి పడిపోవడమని అర్థం. ఇంటర్వ్యూలో 'కంప్లీటెడ్' అనండి.

ప్రాణం మీదికి వచ్చే మాటలు

ఇంతవరకు చెప్పినవి మార్కుల సంగతి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవారు ఎందరో. ఆ కాగితాల్లోని మాట తప్పుగా అర్థమైతే బతుకే తారుమారవుతుంది.

ఎమిగ్రేషన్ అంటే మన దేశం విడిచి పోవడం. ఇమిగ్రేషన్ అంటే ఇంకో దేశంలోకి ప్రవేశించడం. మనకు రెండూ ఒక్కలాగే వినబడతాయి. పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. అంటే 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్', అంటే గల్ఫ్ పనికి పోయే ముందు మన ప్రభుత్వ అనుమతి కావాలని. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ చూపితే ఆ షరతు ఉండదు. హాస్టల్‌లో తెచ్చుకున్న ఆ ఒక్క మెమో విలువ ఎంతో చూడండి!

ఏజెంట్లు చెప్పే 'ఫ్రీ వీసా' ఇంకా ప్రమాదం. ఫ్రీ అంటే ఉచితం, స్వేచ్ఛ అని రెండు అర్థాలు. ఈ వీసాలో రెండూ లేవు. డబ్బులు కట్టాల్సిందే. చట్టంలో అలాంటి వీసా లేనేలేదు. ఒక కఫీల్ పేరు మీద పోయి మరొకరి దగ్గర పనిచేస్తే 'ఖల్లివెల్లి' అయినట్టే, పట్టుబడితే జరిమానా, జైలు. 'విజిట్ వీసా' అంటే చూసి రావడానికి మాత్రమే, పనికి కాదు. ఇంట్లో ఎవరైనా పోతుంటే ఆ కాగితం చదివి చెప్పడం చదువుకున్న మన బాధ్యత.

వాళ్లు పొరబడలేదా?

ఇంగ్లీషువాళ్లకు మన 'పందికొక్కు' 'బాండికూట్'గా వినబడింది. అదే వాళ్ల నిఘంటువులోకి ఎక్కి, ఆస్ట్రేలియాలోని ఒక జంతువుకు కూడా పేరైంది. మన ఊళ్లలో పీరీల పండుగగా జరుపుకునే మొహర్రంలో 'యా హసన్, యా హుసేన్' అనే కేకలు బ్రిటిష్ సిపాయిలకు 'హాబ్సన్ జాబ్సన్'గా వినబడ్డాయి. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చగా 1886లో అచ్చయిన పెద్ద నిఘంటువుకు ఆ పేరే పెట్టారు. వాళ్లు తప్పు వింటే నిఘంటువైంది, మనం తప్పు వింటే వెక్కిరింత ఎందుకు కావాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రోజుకు ఐదు మాటలు నిఘంటువులో చూసి, ఫోన్‌లో ఉచ్చారణ విని, గట్టిగా పలకండి. రాత్రి స్టడీ అవర్ తర్వాత పది నిమిషాలు ఇద్దరిద్దరు ఇంగ్లీషులోనే మాట్లాడుకోండి. తప్పుపోయినవాణ్ని దిద్దండి, నవ్వకండి. మన గదుల్లో ఆ నవ్వు ఆగిన రోజున ఇంటర్వ్యూ గదుల్లో మన గొంతు వినబడుతుంది.