మరమ్మతు పని - శిక్షణ

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడం ఒకటి రెండేళ్ళ పని. కట్టిన ఇంటిని నిలుపుకొని రావడం తరతరాల పని. అయినా ఆ రెండవ పనికి సామెతలో చోటు దొరకలేదు. కట్టించినవారి పేరు శిలాఫలకం మీదకు ఎక్కుతుంది; కారుతున్న కప్పును బాగుచేసినవాని పేరు ఎవరూ అడగరు. అందువల్లనే కాబోలు, కట్టడం నేర్చుకోవలసిన విద్య అనీ, మరమ్మతు ఎవరికైనా చేతనయ్యే పని అనీ ఒక అభిప్రాయం మనలో పాతుకొనిపోయింది. ఈ అభిప్రాయం ఎంత పొరపాటో, ఈ పనిలో ప్రవేశించే యువకునికి ఎట్టి శిక్షణ కావలెనో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

కొత్త కట్టడంలో మేస్త్రి చేతికి నక్షా ఇస్తారు. ఏ గోడ ఎక్కడ లేవవలెనో, ఏ కమ్మి ఎక్కడ పడవలెనో అందులో ఉంటుంది. మరమ్మతుకు నక్షా లేదు. రోగి తన బాధను వైద్యునికి చెప్పుకోగలడు, గోడ చెప్పుకోలేదు. పైగా రోగం ఒకచోట ఉంటే లక్షణం మరొకచోట బయటపడుతుంది. పడకగది మూల నల్లగా చెమ్మ దిగినదనుకొందాము. కారణం పైకప్పులోని బీట కావచ్చు. పిట్టగోడ మొదట పూత విడిపోవడం కావచ్చు. గోడలోపలి నీటి గొట్టం కీలు వదులు కావడం కావచ్చు. పునాది నుండి గోడ పీల్చుకొన్న నేల తేమ కావచ్చు. మచ్చ ఒకటే, చికిత్సలు నాలుగు. వానాకాలంలో కనిపించి వేసవిలో ఆరిపోయే మచ్చ కప్పునో, పిట్టగోడనో చూపిస్తుంది. ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండే మచ్చ గొట్టాన్ని చూపిస్తుంది. నేల నుండి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు గోడ పొడవునా పాకి, తెల్లని ఉప్పు పూసినట్లయితే అది నేల తేమ. ఈ భేదం తెలియనివాడు మచ్చ మీద సిమెంటు పూసి, రంగువేసి, కూలి తీసుకొని వెళ్ళిపోతాడు. మరుసటి వానకు మచ్చ తిరిగి వస్తుంది. కారణాన్ని వెదకడమే మరమ్మతు విద్యకు ప్రాణం. తక్కిన పనితనమంతా దాని వెనుక నడిచేదే.

కారణం తెలియవలెనంటే కట్టిన పదార్థం స్వభావం తెలియవలెను. మన ఊళ్ళలో రెండు కాలాల కప్పులు పక్కపక్కనే కనిపిస్తాయి. పాత మిద్దెలలో టేకు దూలాల మీద ఇటుకలను నిలువు అంచున పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిసతో కొట్టి గట్టిపరచేవారు. ఇంజనీర్లు దీనికే మద్రాసు టెర్రసు అని పేరు పెట్టారు. సున్నమూ ఇసుకా గానుగలో నూరిన డంగు సున్నానికి కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. గోడ కొద్దిగా కదిలితే తానూ కొద్దిగా సర్దుకొంటుంది. సిమెంటు పూత గట్టిది, బిగువైనది. పాత సున్నపు గోడ మీద దానిని పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన తేమ ఇటుకను పొడిచేసి, చివరకు ఆ పూతనే పెచ్చులుగా నెట్టివేస్తుంది. బలమైన పదార్థం వాడితే బలమైన మరమ్మతు జరిగినట్లు కాదని శిక్షణార్థి మొదటనే గ్రహించవలెను.

ఈనాటి కాంక్రీటు కప్పు వ్యాధి వేరు. సిమెంటులోని క్షారగుణం లోపలి ఉక్కు కమ్మిని తుప్పు నుండి కాపాడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ బొగ్గుపులుసు వాయువు పైపొరలోనికి చొచ్చుకొనిపోయి ఆ గుణాన్ని హరిస్తుంది. కమ్మిని చేరిన తరువాత, తేమ కూడ తోడైతే తుప్పు మొదలవుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాలలో ఉప్పుగాలి ఈ పనిని వేగిరపరుస్తుంది. తుప్పు పట్టిన ఇనుము మొదటి ఇనుముకు కొన్ని రెట్లు స్థలం ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కమ్మి పొడవునా బీట పడి, అడుగు కాంక్రీటు పెచ్చులూడి పడుతుంది. అందుకే 2000 నాటి ఐ.ఎస్. 456 ప్రమాణం కమ్మికి కాంక్రీటు కవచం సాధారణంగా 20 మిల్లీమీటర్లకు తగ్గరాదనీ, తీరప్రాంతాలలో ఇంకా ఎక్కువ ఉండవలెననీ నిర్దేశించింది.

ఊడిన చోట సిమెంటు అతికించడం మరమ్మతు కాదు. చెడిన కాంక్రీటును గట్టి భాగం తగిలేవరకు చెక్కివేయవలెను. కమ్మి చుట్టూ ఖాళీ చేసి, తుప్పును ఉక్కు బ్రష్షుతో నిగనిగలాడేటట్లు గీకవలెను. కమ్మి బాగా సన్నబడితే ఇంజనీరును పిలిచి, వారు చెప్పినట్లు కొత్త కమ్మి చేర్చవలెను. ఆ పిమ్మట తుప్పు నిరోధించే పూత, దానిపై కాంక్రీటు, కనీసం 7 రోజులు తడిపి ఉంచడం. ఇందులో ఏ మెట్టు దాటివేసినా, ఒకటి రెండు వానాకాలాలలో ఆ ముక్క మళ్ళీ పడుతుంది. క్రింద మనిషి లేనప్పుడే పడుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

ఇక శిక్షణ క్రమం. మొదట చేయి నేర్చుకొంటుంది. తాపీ పట్టడం, తూకం గుండు వేయడం, రసమట్టం చూడడం, మూలమట్టంతో మూలలు సరిచేయడం, పాలు తప్పకుండా మాలు కలపడం, కప్పు మీద నీటికి కనీసం నూటికి ఒకటి పాలు వాటం ఇవ్వడం నిత్యాభ్యాసం వల్ల వస్తాయి. తరువాత చెవి నేర్చుకొంటుంది. చిన్న సుత్తితో పూతను తట్టుతూ పోతే గట్టిగా ఉన్నచోట ఒక శబ్దం, లోపల డొల్లగా ఉన్నచోట మరొక శబ్దం వస్తాయి. చివర నేర్చుకొనేది కన్ను. కిటికీ మూల నుండి మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగే బీట పునాది కుంగడాన్ని సూచించవచ్చు. పూత మీద సాలెగూడువలె అల్లుకొన్న సన్నని బీటలు పూత త్వరగా ఆరడం వల్ల వచ్చినవి కావచ్చు. అనుభవజ్ఞుడు బీటకు అడ్డంగా సన్నని గాజుపలకను అతికించి తేదీ వ్రాస్తాడు. కొన్నాళ్ళకు గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నదన్నమాట. కదలిక ఆగకుండ బీటను పూడ్చడం వ్యర్థం. ఇవి పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చును. కాని ఆ డొల్ల శబ్దం ఎట్లుంటుందో, తెలిసినవాని ప్రక్కన నిలబడి విన్నవానికే తెలుస్తుంది.

ఇట్లు పనిలో ఉండి నేర్చుకొనేవారికోసం 1961లో పార్లమెంటు అప్రెంటిసుల చట్టం చేసింది. దానికి ముందే, 1950లో వృత్తి శిక్షణ పథకం ప్రారంభమైనది. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో తాపీ పని, వడ్రంగం, నీటి గొట్టాల పని, విద్యుత్తు పని నేర్పుతున్నది ఈ పథకం క్రిందనే. చట్టం దృష్టిలో అప్రెంటిసు శిక్షణార్థి, పనివాడు కాడు. వానితో వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండవలెను. నెలనెలా భృతి ఇవ్వవలెను. ఎంత పని చేస్తే అంత కూలి అనే లెక్కన చెల్లించరాదు. ఈ నిషేధంలో గొప్ప వివేకమున్నది. లెక్కకు పనిచేసేవాడు తొందరపడతాడు. తొందరపడేవాడు కారణం వెదకడు. పనిలో గాయపడితే యజమాని పరిహారం చెల్లించవలెను. పరంజాల మీద, విద్యుత్ తీగెల నడుమ సాగే పనిలో ఇది చిన్న విషయం కాదు.

చట్టం మంచిదే, కాని అది చేరే దూరం తక్కువ. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు పైబడి సిబ్బంది గల సంస్థలు నూటికి రెండున్నర నుండి 15 వరకు అప్రెంటిసులను తీసుకోవలెను. అంతకు తక్కువైనవారికి అది ఐచ్ఛికం. నలుగురికి తక్కువైతే ఆ అవకాశమే లేదు. మన వీధిలో కప్పు బాగుచేసేది ఎవరు? ఇద్దరు ముగ్గురు మనుషులతో తిరిగే చిన్న మేస్త్రి. ఆయన వద్ద చేరే కుర్రవానికి ఒప్పందం లేదు, ధ్రువపత్రం లేదు. తట్ట మోయడంతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి తట్ట దగ్గరే నిలిచిపోయేవారు కొందరు. స్త్రీల సంగతి మరీ కష్టం. ఇటుకలు, మాలు మోసేది వారే. వారి చేతికి తాపీ అందడం అరుదు. 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వానుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు చేశారు. అనుభవానికి గుర్తింపు రావడం మేలే. కాని పరీక్ష ఉన్న విద్యను కొలుస్తుంది, లేనిదానిని నేర్పదు.

ఈ లోటుకు మూల్యం మన ఇళ్ళే కాక మన చరిత్ర కూడ చెల్లిస్తున్నది. 1591 నాటి చార్మినారు సున్నపు గచ్చు పనితనానికి పేరెన్నికగన్నది. 2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు అలంకారపు ముక్క ఊడిపడింది. అట్టి కట్టడాన్ని సిమెంటుతో అతకడం తగదు. డంగు సున్నం నూరి, గచ్చు తీర్చగల చేతులు కావలెను. ఆ చేతులు వృద్ధులైన కొద్దిమంది మేస్త్రులవే అయితే, వారి ప్రక్కన నిలబడి నేర్చుకొనేవారు ఈనాడే ఉండవలెను. వారు పోయిన తరువాత గోడను చూసి ఎంత ఊహించినా, మాలు ఎంత నూరవలెనో ఆ గోడ చెప్పదు.

ఇందులో గృహస్థుల బాధ్యత కూడ ఉన్నది. మేస్త్రిని పిలిచినప్పుడు “ఎంత అవుతుంది?” అని అడిగే ముందు “కారణమేమిటి?” అని అడగండి. కారణం చెప్పగలిగినవానికి, చూసి చెప్పినందుకు కూడ కూలి ఇవ్వండి. ఆయన వెంట వచ్చిన కుర్రవాడు పని ఆపి గోడను తట్టి వింటుంటే, కాలం వృథా చేస్తున్నాడని కసరకండి. రేపు మన పిల్లలు నిద్రించే కప్పు ఎంత భద్రమైనదో చెప్పవలసినది ఆ చెవియే.