విదేశీ సహాయం, వడ్డీ: గోదావరి బ్యారేజీ ఉదాహరణ

విదేశీ సహాయం అనగానే అది దానమనే భావం మనలో చాలమందికి కలుగుతుంది. నిజానికి అందులో గణనీయమైన భాగం అప్పు. అప్పు అన్న తరువాత గడువు ఉంటుంది, షరతులుంటాయి, భారం మోసేవారుంటారు. ముస్లిములకు మరొక ప్రశ్న కూడా ఉన్నది: అందులో వడ్డీ ఉన్నదా, లేదా? దీనిని గ్రహించటానికి దూరదేశాలకు పోనక్కరలేదు. ధవళేశ్వరం చాలు.

సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించగా 1852లో పూర్తయిన ఆనకట్ట శతాబ్దానికి పైగా డెల్టాను పోషించి బలహీనపడింది. దాని స్థానంలో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం శాఖలుగా 175 గేట్లతో బ్యారేజీ నిర్మించారు. ఇందుకు 1975లో ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థయైన అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ 4.5 కోట్ల డాలర్ల ఋణం మంజూరు చేసింది. 1982లో బ్యారేజీ జాతికి అంకితమయింది. సుమారు 10 లక్షల ఎకరాలు దీనిపై ఆధారపడి ఉన్నాయి.

ఆనాటి నిబంధనల ప్రకారం ఈ సంస్థ ఋణానికి గడువు 50 ఏళ్ళు. మొదటి 10 ఏళ్ళు అసలు చెల్లించనక్కరలేదు. వడ్డీ లేదు, కాని ఏటా నూటికి ముప్పాతిక వంతు సేవా రుసుము ఉన్నది. ఈ రుసుము వడ్డీయేనా?

1975లోనే జిద్దాలో పని ప్రారంభించిన ఇస్లామీయ అభివృద్ధి బ్యాంకుకు కూడా ఇదే సందేహం కలిగింది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ దానికి సమాధానమిచ్చింది: ఋణం ఇవ్వటానికయ్యే నిజమైన ఖర్చు మేరకు రుసుము తీసుకోవచ్చు, అంతకు మించినది వడ్డీ, కనుక నిషిద్ధం. అంటే చూడవలసినది పేరును కాదు, లెక్కను. శాతం రూపంలో ఉన్న రుసుము అసలు ఖర్చుకు సమానమని ఋణదాత చూపగలగాలి.

కథ ఇక్కడితో ముగియదు. ఆ కాలంలో విదేశీ ఋణాన్ని కేంద్రం తీసుకొని, రాష్ట్రాలకు కొంత గ్రాంటుగా, అధిక భాగం వడ్డీతో కూడిన అప్పుగా ఇచ్చేది. పన్నెండవ ఆర్థిక సంఘం సిఫారసుపై 2005 నుండి ఈ పద్ధతి మారింది. అంతవరకు వాషింగ్టన్‌లో వడ్డీ లేకుండా బయలుదేరిన సొమ్ము హైదరాబాదు చేరేసరికి వడ్డీ సొమ్ముగా మారేది.

తరువాత ఋణాల స్వభావమే మారింది. కట్టడాలతో పాటు విధానాలకు కూడా అప్పు లభించసాగింది. 1983లో సంస్కరణలు చేపట్టిన ఘనా కరెన్సీ విలువ తగ్గించింది. మన రాష్ట్రం 1998లో ఆర్థిక పునర్వ్యవస్థీకరణకు ప్రపంచ బ్యాంకు ఋణం పొందింది. ఆ సంస్కరణల కాలంలోనే కాలువ క్రింది మొదటి పంటకు నీటి తీరువ ఎకరాకు 60 రూపాయల నుండి 200 రూపాయలకు పెరిగింది. విద్యుత్ ఛార్జీల పెంపును ప్రతిఘటించిన వారిపై 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు.

కనుక విదేశీ ఋణమంతా చెడ్డదని తీర్పు చెప్పలేము. బ్యారేజీ నీటితో పండిన అన్నమే మనం తింటున్నాము. కాని అల్-బఖర సూరా 282వ ఆయతు అప్పును వ్రాతపూర్వకం చేయమంటున్నది. ప్రజల పేర తెచ్చిన అప్పు షరతులు ప్రజలకు తెలియాలన్నది దాని నుండి మనం గ్రహించదగిన నీతి. 280వ ఆయతు ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి గడువివ్వమనీ, మాఫీ చేయటం మరింత మేలనీ బోధిస్తున్నది. ఘనాకు గణనీయమైన ఋణ ఉపశమనం లభించినది 2004లో, సంస్కరణలు మొదలైన 21 ఏళ్ళకు.

ఇదే కొలబద్ద మనకూ వర్తిస్తుంది. కాలువ నీరు కౌలు రైతు చేనుకు చేరుతున్నది; భూమి కాగితం లేనందున బ్యాంకు అప్పు అతనికి చేరటం కష్టం. అతడు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కుతున్నాడు. ప్రపంచ బ్యాంకును ప్రశ్నించే ముందు, మన మస్జిదు బైతుల్‌మాల్ నుండి అతనికి ఒక్క పంటకైనా ఖర్జె హసనా ఇవ్వగలమా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.