మీట మీద చెయ్యి మనిషిదేనా?

"అమ్మాయి ఏం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే మొన్నటిదాకా "సాఫ్ట్‌వేర్" అంటే సరిపోయేది. ఇప్పుడు మా చిన్నదానికి డ్రోన్ కెమెరాలకు చూపు నేర్పే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ డ్రోన్లు కొనేది సైన్యం. "చేరనా అమ్మా?" అంది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

సంగారెడ్డివాళ్లకి ఆయుధాల పని కొత్తేమీ కాదు. మావారు ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. 1984లో పునాదిరాయి పడిన ఆ ఫ్యాక్టరీలోనే సైనికుల్ని మోసుకెళ్లే బి.ఎం.పి.-2 'సరథ్' వాహనాలు తయారయ్యాయి. పటాన్‌చెరు పక్కన భానూరులో భారత్ డైనమిక్స్ వారు ట్యాంకుల్ని ఛేదించే క్షిపణులు చేస్తారు. ఇక కంది ఐఐటీ 2008లో మొదలైంది కూడా ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవరణలోనే! ఆ ఐఐటీలో 2022 జులైలో డ్రైవర్ లేని బండ్లనూ డ్రోన్లనూ పరీక్షించే 'తిహాన్' కేంద్రం ప్రారంభమైంది. అదే నెల ఢిల్లీలో రక్షణశాఖ 75 ఏఐ పరికరాలను విడుదల చేసింది. పొలానికి పనికొచ్చే విద్యే సరిహద్దుకూ పనికొస్తుందన్నమాట.

"కంప్యూటర్‌కి నేర్పడమంటే ఏంటే?" అన్నాను. "వేల ఫొటోలు చూపించి ఇది ట్రాక్టర్, ఇది మిలటరీ ట్రక్కు అని చెప్పాలమ్మా" అంది. బియ్యంలో రాళ్లేరడం నేర్పినట్టే! కానీ నేనేరిన బియ్యంలోనూ ఒక్కోసారి రాయి తగులుతుంది. ఇక్కడ పొరపాటైతే? మా ఊళ్లో నాట్లకెళ్లే ఆడవాళ్లంతా ట్రాక్టర్ మీదే కదా వెళ్లేది!

మావారు కాసేపాగి, "మా బండి నడిపింది జవాను, కాల్చిందీ జవానే. దీంట్ల ఎవరు?" అన్నారు.

అసలు ప్రశ్న అదే. 1983 సెప్టెంబరులో అమెరికా క్షిపణులు వస్తున్నాయని సోవియట్ కంప్యూటర్ హెచ్చరించింది. డ్యూటీలో ఉన్న అధికారి స్తనిస్లావ్ పెత్రోవ్ దాన్ని నమ్మలేదు. పొరపాటు అయివుంటుందని పైకి చెప్పాడు. నిజంగా పొరపాటే! ఆయన అనుమానమే ఆ రాత్రి పెద్ద ముప్పు తప్పించింది.

ఉద్యోగులూ ఊరుకోలేదు. 2018లో పెంటగాన్ డ్రోన్ చిత్రాలను విశ్లేషించే పని వద్దని గూగుల్‌లో వేలమంది సంతకాలు చేశారు. కంపెనీ ఆ కాంట్రాక్టు పొడిగించలేదు. అయితే ఆయుధాలకు ఏఐ వాడబోమన్న తన మాటను 2025లో తీసేసింది.

అలాగని సరిహద్దులో కాపలా ఉన్న బిడ్డల్ని ఖాళీ చేతులతో ఉండమనగలమా? చొరబాటును రాత్రిపూట దూరంనుంచే పసిగట్టే కెమెరా ఒక తల్లి కడుపుకోత తప్పించవచ్చు. అందుకే "వద్దు" అనలేకపోయాను.

"రెండు ప్రశ్నలడిగి చేరు" అన్నాను. కాల్చమనే ఆఖరి నిర్ణయం ఎవరిది? ఆలోచించుకోవడానికి ఆ మనిషికి ఎంతసేపు ఉంటుంది? మొదటిదానికి "అధికారిదే" అన్నారట. రెండోదానికి సూటిగా జవాబు రాలేదు. కేవలం "ఓకే" నొక్కడానికే మనిషిని కూర్చోబెడితే, ఆయన ఉన్నా లేనట్టే కదా?

మా అమ్మాయి చేరింది. ఆ రెండో ప్రశ్న మాత్రం వదలనంది. మీ ఇంట్లోనూ ఇలాంటి ఉద్యోగం వస్తే జీతం, క్యాబ్ సంగతి అడిగినట్టే దీన్నీ అడగమనండి. మన పిల్లలు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?